మూలపాఠం ఎవరిది? — డెబియన్: ఒక సమష్టి శ్రమ చరిత్ర

సాహిత్య విమర్శకు కేటాయించిన పేజీల్లో ఒక కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టం చరిత్ర రాయడం కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చు. కానీ సాఫ్ట్‌వేర్ కూడా రాతే. దాన్ని మనుషులు రాస్తారు, మనుషులు చదువుతారు, దిద్దుతారు, పాత ప్రతితో పోల్చి చూస్తారు, ఏ పాఠం సరైనదని తగాదా పడతారు. ప్రోగ్రామర్లు సోర్స్ కోడ్ అని పిలిచేదాన్ని మన పరిభాషలో మూలపాఠం అనవచ్చు. మనిషి చదవగలిగేది ఆ పాఠాన్నే. యంత్రానికి అందేది దాన్నుంచి తయారైన అంకెల వరస. అమ్మేవాడు అంకెల వరసను మనకిచ్చి, మూలపాఠాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే, ఆ ప్రోగ్రాంను మనం వాడగలం గాని చదవలేం, దిద్దలేం, మన అవసరానికి తగినట్టు తిరిగి రాసుకోలేం.

కంప్యూటర్ నాకు వృత్తి కాదు. ప్రూఫులు దిద్దడం, ప్రతులు సరిచూడడం, అచ్చుకు పంపడం నాకు తెలిసిన పనులు. ఆ పనుల వెలుగులోనే నేను డెబియన్ చరిత్రను చదివాను. 1993లో పుట్టిన ఈ సంస్థ ఏ కంపెనీకీ చెందదు. దానికి యజమాని లేడు. లోకం నలుమూలలా ఉన్న సుమారు వెయ్యిమంది సభ్యులు, వారికి తోడు ఇంకెందరో స్వచ్ఛందంగా పనిచేసి ఒక సంపూర్ణమైన ఆపరేటింగ్ సిస్టంను తయారుచేసి, ఎవరైనా తీసుకోవచ్చని పెడుతున్నారు. 2025 ఆగస్టులో విడుదలైన 13వ సంచికలో 69 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి.

ఇంతవరకు చెప్పి ఆగితే అది ప్రశంస అవుతుంది, చరిత్ర కాదు. నాకు కావలసింది వేరే ప్రశ్న. మూలపాఠాన్ని అందరి ముందూ తెరిచిపెట్టినంత మాత్రాన అది అందరిదీ అవుతుందా? అవుతుందని చాలామంది నమ్ముతారు. డెబియన్ మూడు దశాబ్దాల అనుభవం అంత సులభమైన జవాబు ఇవ్వదు. నిర్ణయించే హక్కు, శ్రమకు గుర్తింపు, తప్పును కనిపెట్టే బాధ్యత, ఈ మూడూ సమష్టివి అయ్యేదాకా పాఠం సమష్టిది కాదని ఆ చరిత్ర చెబుతోంది. వీటిలో ఏదీ ఆ సంస్థకు ఊరికే దక్కలేదు. ప్రతిదానికీ ఒక ఘర్షణ ఉంది, దానికో తేదీ ఉంది.

1. పంచుకునేది సరుకైన తీరు

ప్రోగ్రాం మొదటినుంచీ సరుకు కాదు. 1950, 60 దశకాల్లో యంత్రాన్ని కొన్నవారికి, అద్దెకు తీసుకున్నవారికి ప్రోగ్రాం దానితోపాటే వచ్చేది. వాడేవారు తాము రాసిన ప్రోగ్రాంలను ఒకరికొకరు ఇచ్చుకునేవారు. ఐబీఎం యంత్రాలు వాడేవారు ఇందుకోసమే 1955లో ‘షేర్’ అనే సంఘం పెట్టుకున్నారు. 1969లో ఐబీఎం ప్రోగ్రాంలకు విడిగా ధర కట్టాలని నిర్ణయించింది. 1980లో అమెరికా కాపీరైట్ చట్టాన్ని సవరించి ప్రోగ్రాంలను స్పష్టంగా దాని కిందికి తెచ్చారు. పదేళ్ల కాలంలో, ఇరుగు పొరుగు పంచుకునే రాత ఆస్తి అయి కూర్చుంది.

దీనికి ఎదురు నిలిచినవాడు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్. ఎవరైనా వాడుకోగల, చదవగల, మార్చుకోగల, పంచుకోగల ఒక పూర్తి వ్యవస్థను రాస్తానని 1983 సెప్టెంబరులో ప్రకటించి, దానికి ‘గ్నూ’ అని పేరు పెట్టాడు. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఆయన ఆయుధం. దాని నడక గమనించదగినది. కాపీరైట్ చట్టాన్ని అది ధిక్కరించదు. రచయితకు ఆ చట్టం ఇచ్చిన హక్కునే చేతబట్టుకుని ఒక షరతు పెడుతుంది: నా పాఠాన్ని తీసుకో, మార్చు, అమ్ముకో, కానీ మార్చిన పాఠాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు నీకు దక్కిన స్వేచ్ఛనే వారికీ దక్కనివ్వు. తాళం వేయడానికి పుట్టిన చట్టాన్ని తలుపు మూసుకుపోకుండా అడ్డుపెట్టడానికి వాడాడన్నమాట.

1991లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ‘లైనక్స్’ అనే కెర్నెల్‌ను, అంటే యంత్రభాగాలను నడిపే మూల ప్రోగ్రాంను, బయటపెట్టాడు. మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాడు. దీంతో ముడిసరుకంతా సమకూరింది. కానీ ముడిసరుకు వేరు, పుస్తకం వేరు. వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు రాసిన వందల ప్రోగ్రాంలను ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేటట్టు కూర్చి, మామూలు మనిషి తన యంత్రంలో పెట్టుకునేలా ఇవ్వాలి. ఆ కూర్పును డిస్ట్రిబ్యూషన్ అన్నారు. మన మాటల్లో సంకలనం. సంకలనకర్త ఎవరనే ప్రశ్న దగ్గరే డెబియన్ చరిత్ర మొదలవుతుంది.

2. ఒక విద్యార్థి నుంచి ఒక రాజ్యాంగం దాకా

1993 ఆగస్టు 16న అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇరవై ఏళ్ల ఇయన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించాడు. ఆనాడు దొరికే సంకలనాల్లో లోపాలు మెండు. వాటిని కూర్చినవారికి దిద్దే తీరిక లేదు. మర్డాక్ తర్వాత వెలువరించిన ప్రణాళికలో వాదించింది ఇది: సంకలనం ఎవరో ఒకరి గదిలో మూసుకుని జరగకూడదు, లైనక్స్ పుట్టిన పద్ధతిలోనే పదిమంది చేతుల మీదుగా, పదిమంది కళ్లెదుట జరగాలి. డెబ్రా, ఇయన్ అనే రెండు పేర్లు కలిపి డెబియన్ అని పేరు పెట్టాడు. 1994 నవంబరు నుంచి ఏడాదిపాటు స్టాల్‌మన్ నెలకొల్పిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఈ ప్రయత్నానికి ఆర్థికంగా అండగా నిలిచింది.

పని పంచుకున్న తీరులోనే ఈ సంస్థ బలం ఉంది. ఒక్కొక్క ప్యాకేజీకి ఒక్కొక్క బాధ్యుడు. ఆ ప్యాకేజీలో ఏముండాలో, ఏ మార్పు చేయాలో అతనిష్టం. అయితే అన్ని ప్యాకేజీలూ పాటించవలసిన ఉమ్మడి నియమావళి ఒకటుంది. ఏ ఫైలు ఎక్కడ ఉండాలి, ఏ ప్యాకేజీ దేనిమీద ఆధారపడుతుందని ఎలా చెప్పాలి, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు చేసిన పనులు ఒకదానితో ఒకటి అతకడానికి ఆ నియమావళి ఆధారం. వ్యక్తి చొరవకూ ఉమ్మడి క్రమశిక్షణకూ మధ్య సంబంధాన్ని ఉపన్యాసాలతో పరిష్కరించలేదు, కాగితం మీద నిబంధనగా రాసుకున్నారు.

1996లో మర్డాక్ తప్పుకున్నాడు. బ్రూస్ పెరెన్స్ నాయకుడయ్యాడు. వ్యవస్థాపకుడు వెళ్లిపోయాక సంస్థ నిలవాలంటే అది ఏ మాట మీద నిలిచిందో రాసి ఉండాలి. బహిరంగ చర్చ తర్వాత 1997 జులైలో ‘సామాజిక ఒప్పందం’ అనే పత్రాన్ని ఆమోదించారు. సంకలనం ఎల్లప్పుడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే ఉంటుంది, చేసిన మెరుగుదలలను తిరిగి ఆ ఉమ్మడి లోకానికే ఇస్తాం, లోపాలను దాచం, వాడేవారి ప్రయోజనం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రయోజనం, ఈ రెండే మాకు మొదట. స్థూలంగా దాని సారాంశం ఇది. స్వేచ్ఛ అంటే ఏమిటో తేల్చే మార్గదర్శకాలను దానికి జతచేశారు. మరుసటి ఏడాది ‘ఓపెన్ సోర్స్’ అనే పదానికి ఇచ్చిన నిర్వచనం ఈ మార్గదర్శకాల నుంచే వచ్చింది. వ్యాపారలోకం నేడు ధారాళంగా వాడుతున్న ఆ మాట వెనక స్వచ్ఛంద కార్యకర్తల చర్చ ఉన్నదని చాలామందికి తెలియదు.

ఒప్పందం వాడేవారికి ఇచ్చిన మాట. లోపల ఎవరు నిర్ణయించాలనేది అప్పటికింకా తేలలేదు. నాయకత్వ పద్ధతిపై తగాదాలు పెరిగాయి. 1998 డిసెంబరులో సంస్థ ఒక రాజ్యాంగం ఆమోదించుకుంది. దాని ప్రకారం నాయకుడిని ఏటా సభ్యులు ఎన్నుకుంటారు. నాయకుడి నిర్ణయాన్నయినా, కమిటీ నిర్ణయాన్నయినా సభ్యులు సాధారణ తీర్మానంతో తోసిపుచ్చవచ్చు. ఓటు వేసేవారు ఒక్క పేరుకు టిక్కు పెట్టరు, తమ ఇష్టాల వరుసను రాస్తారు. వీటిలో ఏదీ వద్దనే అంశం కూడా ప్రతి బ్యాలెట్‌లోనూ ఉంటుంది. ఒకే అభ్యర్థి నిలిచినా ఈ నియమం వల్ల అతను ఓడిపోవచ్చు.

ఆ రాజ్యాంగంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన నిబంధన వేరొకటి ఉంది. సంస్థ కోసం పని చేయమని ఎవరినీ బలవంతపెట్టే అధికారం ఎవరికీ లేదు. అప్పగించిన పని ఇష్టం లేకపోతే చేయనక్కరలేదు. అయితే పద్ధతి ప్రకారం జరిగిన నిర్ణయానికి అడ్డుపడి పనిచేయకూడదు. జీతం లేని చోట ఆజ్ఞ చెల్లదన్న వాస్తవాన్ని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న సంస్థాపత్రాలు అరుదు. ఆజ్ఞ లేకపోతే పని ఎలా జరుగుతుంది? ఒప్పించడం వల్ల జరుగుతుంది, ఆసక్తి వల్ల జరుగుతుంది, ఒక్కోసారి అసలు జరగదు. ఈ మూడో సంగతే తరువాతి ఘర్షణకు మూలం.

3. డబ్బు వచ్చినప్పుడు

2004 అక్టోబరులో దక్షిణాఫ్రికాకు చెందిన సంపన్నుడు మార్క్ షటిల్‌వర్త్ కంపెనీ, డెబియన్ పునాది మీదే ‘ఉబుంటు’ అనే సంకలనాన్ని విడుదల చేసింది. డెబియన్ కార్యకర్తలు కొందరికి జీతాలిచ్చి తీసుకుంది. ఇది చట్టవిరుద్ధం కాదు, ఒప్పంద విరుద్ధమూ కాదు. ఎవరైనా తీసుకోవచ్చని రాసుకున్నదే డెబియన్. ఉబుంటు ఆరునెలలకోసారి గడియారం ప్రకారం సంచికలు తెస్తుంటే, డెబియన్ సంచిక ‘సిద్ధమైనప్పుడు’ వచ్చేది. 2002 జులై తర్వాతి సంచికకు 2005 జూన్ దాకా పట్టింది. విమర్శలు రాకుండా ఎలా ఉంటాయి?

2006లో అప్పటి నాయకుడు ఆంథొనీ టౌన్స్, మరికొందరు కలిసి సంస్థకు బయట ‘డంక్‌ట్యాంక్’ అనే ప్రయోగం మొదలుపెట్టారు. చందాలు పోగుచేసి, విడుదల పనిని పర్యవేక్షించే ఇద్దరికి కొద్దికాలం డబ్బిచ్చి, డిసెంబరుకల్లా సంచిక తీసుకురావాలని సంకల్పం. సంస్థలో దుమారం చెలరేగింది. వందలాదిమంది ఉచితంగా చేసే పనిలో ఇద్దరికే కూలి కట్టడం ఏం న్యాయం? మిగిలినవారి పని విలువ లేనిదా? ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది ఎవరు? కొందరు సభ్యులు తమ పని తగ్గించుకుంటున్నామని బహిరంగంగానే ప్రకటించారు. నాయకుడిని తొలగించాలనే తీర్మానం ఓటుదాకా వచ్చి వీగిపోయింది. డిసెంబరు దాటిపోయింది. సంచిక 2007 ఏప్రిల్ 8న వచ్చింది.

దీన్ని చూసి, చూశారా, డబ్బు సమష్టిని చెడగొడుతుంది అని తేల్చేయడం తొందరపాటు. స్వచ్ఛంద శ్రమ పవిత్రమైనదనే భావన వెనక ఒక సౌకర్యం దాగి ఉంటుంది. సాయంత్రం తీరిక, ఇంట్లో వేగమైన యంత్రం, పగలు వేరే జీతం ఉన్నవాడికే ఉచితంగా పనిచేయడం సాధ్యం. ఇంటెడు చాకిరీ మీద ఉన్న మనిషికి ఆ తీరిక ఎక్కడిది? 2006 నాటి నిరసనలో అసలు విషయం డబ్బు కన్నా నిర్ణయం: సమష్టి శ్రమకు విలువ కట్టే పనిని సమష్టిని అడగకుండా కొందరు తలకెత్తుకున్నారు. 2014లో పాత సంచికలకు అదనపు కాలం భద్రతా సవరణలు ఇచ్చే ఏర్పాటు మొదలైంది. ఆ పనికి కంపెనీల చందాలతో కూలి చెల్లిస్తున్నారు. అది సాగుతోంది. ఎవరూ ఇష్టపడి చేయని పని ఫలానా అని తేల్చి, దానికి కూలి ఏర్పరచడం మీద అంత రభస జరగలేదు.

4. పనివాళ్లు ఎవరు?

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. సభ్యత్వం అంటే ఓటు. ఓటు ఎవరికి? చాలాకాలం ఆచరణలో ప్యాకేజీలు తయారుచేసేవారికే. ప్రోగ్రాం ఎలా వాడాలో పుస్తకం రాసినవాళ్లు, ఆ పుస్తకాన్ని మరో భాషలోకి తెచ్చినవాళ్లు, బొమ్మలు గీసినవాళ్లు, సభలు నడిపినవాళ్లు సాయం చేసేవారు మాత్రమే. పుస్తకం రాసినవాడే పనివాడు, అనువాదకుడూ ప్రూఫ్‌రీడరూ ఉపగ్రహాలు అనే అలవాటు మన ప్రచురణ లోకంలోనూ ఉన్నదే కదా!

2004లో కొందరు ‘డెబియన్ విమెన్’ అనే బృందాన్ని ఏర్పరచి, సభ్యుల్లో స్త్రీలు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఎందుకున్నారని నిలదీశారు. తలుపు తెరిచే ఉందిగా, ఎవరు రావద్దన్నారు అనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తలుపు తెరిచి ఉండడం వేరు, లోపల మాట్లాడే తీరు వేరని ఆ బృందం చూపించింది. కొత్తగా వచ్చేవారికి పని నేర్పడం, తోడుండడం, మాటల్లోని దురుసుతనాన్ని ఎత్తిచూపడం దాని కార్యక్రమం. సంస్థ 2012లో వైవిధ్య ప్రకటనను, 2014లో ప్రవర్తనా నియమావళిని ఆమోదించుకుంది.

2010 అక్టోబరులో ఒక సాధారణ తీర్మానం స్పష్టమైన ఆధిక్యంతో నెగ్గింది. దాని ప్రకారం ప్యాకేజీలు చేయకపోయినా, అనువాదం, రచన, ఇతర పనుల ద్వారా తోడ్పడేవారూ పూర్తి హక్కులున్న సభ్యులు కావచ్చు. పదిహేడేళ్లు పట్టింది ఆ ఒక్క వాక్యానికి. నా దృష్టిలో డెబియన్ చరిత్రలో సాంకేతిక విజయాలకు తీసిపోని తేదీ అది.

సరిగ్గా ఈ చోటే మన భాష ఈ చరిత్రలోకి వస్తుంది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన 6వ సంచికలో, డెబియన్‌ను యంత్రంలోకి ఎక్కించే ఇన్‌స్టాలర్‌కు కొత్తగా చేరిన భాషల్లో కన్నడం, సింహళం, లావో భాషలతోపాటు తెలుగు ఉంది. ఈ నాలుగూ బొమ్మల తెరతో నడిచే ఇన్‌స్టాలర్‌లోనే చేరాయి, అక్షరాల తెరతో నడిచేదానిలో కాదు. కారణం లిపి. ఒక గడిలో ఒక అక్షరం చొప్పున వరసగా పేర్చే పాత తెర ఇంగ్లీషు లిపి కొలతలకు పుట్టింది. తలకట్టు, గుడి, కొమ్ము, కింద ఒత్తు కలిసి ఒకే రూపమయ్యే మన అక్షరానికి ఆ గడి చాలదు. పైకి తటస్థంగా కనిపించే యంత్రంలో కూడా ఎవరి లిపిని మామూలనుకున్నారో దాని ముద్ర ఉంటుంది.

ఆ ఇన్‌స్టాలర్‌లోని ప్రతి తెలుగు వాక్యాన్నీ ఎవరో కూర్చుని రాశారు. ‘పార్టిషన్’ను అలాగే ఉంచాలా, విభజన అనాలా అని తేల్చుకోవలసి వచ్చి ఉంటుంది. చదివేవాడికి అర్థం కావాలా, తెలుగు నిలబడాలా అనే మన పాత చర్చే అది. మన పత్రికల్లో పారిభాషిక పదాల మీద వ్యాసాలు చాలా వచ్చాయి. ఆ వ్యాసాలు చదవని మనుషులు ఆ చర్చను ఆచరణలో, గడువు మధ్య, వాక్యం తరువాత వాక్యంగా పరిష్కరించారు. వారి పని మన సాహిత్య చరిత్రల్లో ఎక్కడా నమోదు కాలేదు.

రచయితలకు ఇది దూరపు వ్యవహారమనుకోవడం పొరపాటు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు అచ్చుపనికి వాడిన ఫాంట్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క రహస్య సంకేతపద్ధతి. అక్షరం తెరమీద ‘క’గా కనిపించేది, ఫైలులో అది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే చెత్త కనిపించేది. అలా ఇరుక్కుపోయిన పుస్తకాల ఫైళ్లను తిరిగి చదివించుకోవడానికి నేను చేతులు నొప్పి పుట్టేదాకా మళ్లీ టైపు చేయించిన సందర్భాలున్నాయి. కథ కథకుడిదే, అక్షరం మాత్రం అమ్మినవాడిది! తిరుమల కృష్ణదేశికాచార్య రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు తరువాత డెబియన్ సంకలనంలోనూ చోటు చేసుకున్నాయి. మూలపాఠం మాట అలా ఉంచి, మన పాఠం మన చేతిలో ఉండడానికే ఇలాంటి పని ఆధారమైంది.

5. విడిపోయే హక్కు, రాజీపడే బాధ్యత

సమష్టి అంటే ఏకాభిప్రాయం కాదు. 2014లో, యంత్రం మేల్కొన్నాక మిగిలిన ప్రోగ్రాంలన్నిటినీ లేపి నడిపే తొలి ప్రోగ్రాంగా ‘సిస్టండి’ని ఎంచుకోవాలా అన్నదానిపై డెబియన్ రెండుగా చీలింది. ఎనిమిదిమంది సభ్యుల సాంకేతిక కమిటీలో ఓట్లు సమానంగా పడి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో సిస్టండి నెగ్గింది. నవంబరులో జరిగిన సాధారణ తీర్మానంలో, ఈ విషయం మీద సభ్యులందరి తీర్మానం అక్కర్లేదనే అంశమే గెలిచింది. కమిటీ నుంచి కొందరు తప్పుకున్నారు. అంగీకరించని మరికొందరు డెబియన్ పాఠాన్నే తీసుకుని ‘డెవువన్’ పేరుతో వేరు సంకలనం ప్రకటించారు. 2017లో వారి తొలి స్థిర సంచిక వచ్చింది.

వేరుపడినవారు వట్టి చేతులతో వెళ్లలేదు. ఉమ్మడి ఆస్తి మొత్తాన్నీ తీసుకువెళ్లారు, అయినా ఉన్నచోట ఏదీ తగ్గలేదు. భూమికీ ఫ్యాక్టరీకీ లేని లక్షణం ఇది. అయితే పాఠం రెండవుతుంది గాని దాన్ని చూసుకునే మనుషులు రెట్టింపు కారు. కాబట్టి విడిపోయే హక్కు నాయకత్వాన్ని అదుపులో ఉంచే కత్తే, రోజూ దూయదగిన కత్తి మాత్రం కాదు.

2022 నాటి తీర్మానం మరో రకం వైరుధ్యాన్ని ముందుకు తెచ్చింది. కొత్త కంప్యూటర్లలో వైఫై వంటి భాగాలు నడవాలంటే తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ కావాలి. చాలా సందర్భాల్లో దాని మూలపాఠం రహస్యం. ఒప్పందాన్ని అక్షరాలా పాటిస్తే దాన్ని ఇన్‌స్టాలర్‌లో పెట్టకూడదు. పెట్టకపోతే కొత్తగా వచ్చిన మనిషికి తెర నల్లగా మిగులుతుంది, నెట్ అందదు. సభ్యులు ఓటు వేసి, సామాజిక ఒప్పందాన్నే సవరించి, అధికారిక ఇన్‌స్టాలర్‌లో అటువంటి ఫర్మ్‌వేర్‌కు చోటిచ్చారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ సంచిక నుంచి అది అమలైంది. ఇది ఓటమి అన్నవారున్నారు. నేను అలా అనుకోను. వాడేవారి ప్రయోజనం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రయోజనం రెండూ మొదటివేనని 1997లో రాసుకున్నప్పుడే ఆ రెండూ ఎప్పుడో ఢీకొంటాయని ఖాయమైంది. ఢీకొన్నప్పుడు ఆ రాజీని చాటుగా చేయకుండా, ఒప్పందంలోనే వాక్యం మార్చి, ఓట్ల లెక్కతో సహా చరిత్రకు వదిలారు. సూత్రాన్ని గోడకు తగిలించి ఆచరణలో మరొకటి చేసే సంఘాలను మనం చాలా చూశాం.

6. ఎన్ని కళ్లు చూస్తున్నాయి?

పాఠం బహిరంగంగా ఉంటే వేల కళ్లు చూస్తాయి, తప్పు దాగదు అన్నది 1990ల చివరినుంచి ఈ ఉద్యమంలో చెలామణిలో ఉన్న నమ్మకం. రెండు సంఘటనలు దాన్ని పరీక్షకు పెట్టాయి.

మొదటిది పరిష్కర్త సవరణ. 2006లో డెబియన్ కార్యకర్త ఒకరు ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే రహస్యలిపి ప్రోగ్రాంలో, తప్పులు పట్టే సాధనం హెచ్చరిక చూపిందని కొద్ది పంక్తులు తీసేశారు. తీసేముందు మూలరచయితల చర్చావేదికలో అడిగారు కూడా. అడ్డు చెప్పే సమాధానం రాలేదు. తీరా ఆ పంక్తుల్లోనే యాదృచ్ఛికతకు ప్రాణముంది. అవి పోయాక తయారైన తాళంచెవులు ఒక్కో రకానికి 32,768 మించి ఉండలేకపోయాయి. అంటే ఎవరైనా వరసగా ప్రయత్నించి తెరవగలరు. 2008 మే దాకా, దాదాపు ఇరవై నెలలు, ఎవరూ గమనించలేదు. పాఠం బాహాటంగానే ఉంది. చదివినవారు లేరు. కనుక్కున్నాక మాత్రం సంస్థ లోపాన్ని దాచలేదు. హెచ్చరికను వెంటనే లోకానికంతా ప్రకటించింది.

రెండోది కుట్ర. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ప్రోగ్రాంను లాసే కాలిన్ అనే ఫిన్లండ్ దేశస్థుడు ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. లోకంలోని సర్వర్లలో అధికభాగం దానిమీద ఆధారపడ్డాయి. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయం చేయసాగారు. 2022లో మరికొన్ని అజ్ఞాత పేర్లు, పని ఆలస్యమవుతోందని, బాధ్యత వేరేవారికి ఇవ్వమని కాలిన్‌ను ఒత్తిడి చేశాయి. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నాడు. ఆ మాటకు జవాబుగా చేయి అందించింది జియా టాన్ ఒక్కడే. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన ప్రతుల్లో ఆ చేయి దొంగదారి తవ్వింది. దాన్ని నడిపించే కీలక భాగం అందరూ చూసే మూలప్రతిలో లేదు, విడుదలకని కట్టిన ప్రతిలో మాత్రమే ఉంది. పాఠపరిష్కరణ చదువుకున్నవారికి ఈ ఎత్తు అర్థమవుతుంది.

డెబియన్ పరీక్షా సంచికల్లోకి ఆ ప్రతి అప్పటికే చేరింది. స్థిర సంచికకు ఇంకా చేరలేదు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ నిపుణుడు డెబియన్ పరీక్షా యంత్రంలో ఏవో కొలతలు తీస్తుండగా, దూరం నుంచి లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఎందుకని తవ్వుకుంటూ పోయి, 2024 మార్చి 29న సంగతి బయటపెట్టాడు. లోకాన్ని కాపాడింది వేల కళ్లు కాదు, రెండు కళ్లు. అయితే ఆ రెండు కళ్లు తవ్వుకుంటూ పోగలిగాయంటే పాఠం అందుబాటులో ఉండబట్టే. తెరిచి ఉన్న పాఠం చదివే అవకాశం ఇస్తుంది, చదివే మనిషిని ఇవ్వదు.

ఈ ప్రమాదాన్ని ఊహించి డెబియన్‌లో 2013 నుంచే ఒక ప్రయత్నం సాగుతోంది. ఒకే మూలపాఠం నుంచి ఎవరు, ఎక్కడ తయారుచేసినా అంకె తేడా లేకుండా అదే ప్రతి రావాలి. అప్పుడు అచ్చు ప్రతిలో ఎవరైనా చేయి పెడితే పోల్చి పట్టుకోవచ్చు. ఎక్స్‌జెడ్ లాంటి మోసాన్ని అదొక్కటే పూర్తిగా ఆపలేదు, ఎందుకంటే అక్కడ కల్తీ జరిగింది విడుదల చేసిన పాఠంలోనే. ప్రతులను సరిచూసే క్రమశిక్షణ పైదాకా వెళ్లాలి. దానికన్నా ముందు, అలసిపోయానన్న మనిషి మాట వినేవారుండాలి. ఆ గండి యంత్రంలో పడలేదు, ఒక మనిషి ఒంటరితనంలో పడింది.

7. మనకు మిగిలే పని

మర్డాక్ 2015 డిసెంబరులో చనిపోయాడు. ఆయన పెట్టిన సంస్థ ఆయన వెళ్లిపోయాక కూడా దశాబ్దాలుగా నడుస్తోంది. 2023 సెప్టెంబరులో దాని వార్షిక సభ మొదటిసారి భారతదేశంలో, కొచ్చిలో జరిగింది. వ్యవస్థాపకుల తరువాత నిలవని సంఘాలను ఎరిగిన మనకు ఇది చిన్న విషయం కాదు.

డెబియన్‌ను ఆదర్శంగా పూజించమని నేను చెప్పడం లేదు. దాని శ్రమఫలాన్ని వాడుకుని కోట్లు గడించే కంపెనీలున్నాయి. వాటిలో ఎన్నో తిరిగి ఇచ్చేది స్వల్పం. పంచుకునే హక్కు ఒక్కటే సంపదను సమానం చేయదు. ఆ పరిమితి అలాగే ఉంది. కానీ మనం నేర్చుకోదగినది ఉంది. విభేదాన్ని నిబంధనగా, ఓటుగా, తేదీగా రాసిపెట్టుకోవడం. అనువాదకుడికీ ప్రూఫ్‌రీడరుకూ ఓటివ్వడం. ఎవరూ చేయడానికి ఇష్టపడని పని ఏదో పేరు పెట్టి చెప్పుకోవడం.

విద్యార్థి మిత్రులకు ఒక సూచన చేస్తాను. తెలుగులో సాఫ్ట్‌వేర్ అనువాదాల మీద, ఫాంట్ల మీద, అక్షరరూపాలను తెరమీద కూర్చే ప్రోగ్రాంల మీద పనిచేసినవారి చరిత్ర ఇంకా రాయలేదు. ఈ ప్రాజెక్టుల్లో ప్రతి మార్పూ తేదీతో, కారణంతో నమోదవుతుంది. ఒక పదం ఎప్పుడు మారిందో, ఏ వాదం మీద మారిందో వెతికి చూడవచ్చు. ఏ రచయిత చిత్తుప్రతీ ఇంత వివరంగా మనకు దొరకదు. పరిశోధనకు కూర్చోండి. చదువుతూ చదువుతూ ఎక్కడైనా ఒక తెలుగు వాక్యం తప్పుగా కనిపిస్తే, దాన్ని వ్యాసంలో ఎత్తిచూపడంతో ఆగవద్దు. అక్కడికి వెళ్లి దిద్దండి. దిద్దే హక్కు మీకుంది.